కుందేలు పోలీసు మీద పెద్దల తీర్పు



పిల్లల సినిమా విడుదలైనప్పుడు మన పత్రికల్లో వచ్చే సమీక్షను ఎప్పుడైనా శ్రద్ధగా చదివారా? చాలాసార్లు అసలు సమీక్షే ఉండదు. ఉన్నా నాలుగు ముక్కలు. బొమ్మలు బాగున్నాయి, పిల్లలు కేరింతలు కొడతారు, సెలవుల్లో ఒకసారి చూడొచ్చు. అంతటితో సరి. అదే పెద్ద హీరో సినిమా అయితే మొదటి సగం, రెండో సగం, కెమెరా, సంగీతం, ఎడిటింగ్ అంటూ దేనికది విడదీసి తూకం వేస్తాం. పిల్లల సినిమా దగ్గరికొచ్చేసరికి "పిల్లలదే కదా" అనేస్తాం.

ఆ మాట వింటే నాకు బాధగా ఉంటుంది. పెద్దవాళ్లు ఒక సినిమాను ఒకసారి చూసి మరిచిపోతారు. పిల్లలు నచ్చిన సినిమాను పదిసార్లు చూస్తారు, ఇరవైసార్లు చూస్తారు. మాటలన్నీ వాళ్లకు కంఠతా వచ్చేస్తాయి. ఎవరిని చూసి నవ్వాలి, ఎవరిని చూసి భయపడాలి, ఎవరిని నమ్మొచ్చు అనే లెక్కలు కొన్ని అందులోంచే నేర్చుకుంటారు. అంత లోపలికి వెళ్లే సినిమాను మిగతా సినిమాలకన్నా గట్టిగానే పరీక్షించాలి.

అలా పరీక్షించిన సందర్భం ఒకటి ఈ రోజు మీతో చెప్పుకుంటాను. సినిమా పేరు 'జూటోపియా'. 2016 మార్చిలో అమెరికాలో విడుదలైంది. వాల్ట్ డిస్నీ యానిమేషన్ స్టూడియోస్ తీసిన 55వ పూర్తి నిడివి చిత్రం అది. దర్శకులు బైరన్ హోవార్డ్, రిచ్ మూర్. సహ దర్శకుడు జారెడ్ బుష్. బ్రిటన్‌లో 'జూట్రోపోలిస్' అన్న పేరుతో, జర్మనీలో 'జూమానియా' అన్న పేరుతో ఆడింది. దాదాపు 15 కోట్ల డాలర్లు పెట్టి తీస్తే ప్రపంచమంతటా 100 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ తీసుకుంది.

కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. తెలియనివారి కోసం క్లుప్తంగా చెప్తాను. మనుషులు లేని లోకం. క్షీరదాలన్నీ బట్టలు కట్టుకుని, మాట్లాడుకుంటూ, ఉద్యోగాలు చేసుకుంటూ ఒకే మహానగరంలో బతుకుతుంటాయి. ఒకప్పుడు ఒకదాన్నొకటి వేటాడి తిన్నవే, ఇప్పుడు ఇరుగూపొరుగూ. క్యారెట్లు పండించే కుటుంబంలో పుట్టిన జూడీ అనే కుందేలు పోలీసు శిక్షణలో ప్రథమురాలిగా నిలిచి, మొట్టమొదటి కుందేలు పోలీసుగా ఆ నగరానికి వస్తుంది. అక్కడి పై అధికారి ఒక అడవిదున్న. జూడీకి ఆయన అప్పగించే పని పార్కింగ్ చలాన్లు రాయడం. పధ్నాలుగు జంతువులు కనిపించకుండా పోయిన కేసు ఒకటి ఆ స్టేషన్‌లో నడుస్తుంటుంది. అందులో ఒక నీటికుక్క ఆచూకీ 48 గంటల్లో కనిపెడతానని జూడీ పట్టుబడుతుంది. తోడుగా నిక్ అనే నక్కను లాక్కుపోతుంది. వీధుల్లో ఐస్‌పుల్లలు అమ్మిస్తూ టోపీలు వేసి బతికే నక్క అతను.

దీని మీద సమీక్షకులు ఏమన్నారన్నది అంకెల్లో చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. రాటెన్ టొమాటోస్ అనే సమీక్షల సంకలనంలో దీనికి 98 శాతం వచ్చింది. మెటాక్రిటిక్ అనే మరో సంకలనంలో వందకు 78. ఒకే సినిమాకు ఇరవై మార్కుల తేడా ఎలా వచ్చింది? మొదటివాళ్లు ప్రతి సమీక్షనూ చదివి "నచ్చింది", "నచ్చలేదు" అని రెండు కుప్పలు పోస్తారు. వందమందిలో ఎంతమందికి నచ్చిందో అదే శాతం. ఎంత నచ్చిందన్నది వాళ్లు పట్టించుకోరు. వందమందీ "ఫరవాలేదు" అన్నా నూటికి నూరు వచ్చేస్తుంది. రెండోవాళ్లు ఒక్కో సమీక్షకు మార్కులు వేసి సగటు తీస్తారు. కనుక 98 అంటే దాదాపు ఎవరూ కాదనలేదని, 78 అంటే మెచ్చుకున్నవాళ్లు కూడా కొన్ని అభ్యంతరాలు దాచుకోలేదని అర్థం చేసుకోవాలి. పోస్టర్ మీద మాత్రం మొదటి అంకే అచ్చవుతుంది. పిల్లల్ని సినిమాకు తీసుకెళ్లేముందు ఫోన్లో శాతాలు చూసుకునే తల్లిదండ్రులు ఈ తేడా గుర్తుపెట్టుకుంటే మంచిది. ఇక విడుదల రోజున హాల్లోంచి బయటికొచ్చే ప్రేక్షకులనే అడిగి గ్రేడు ఇచ్చే సినిమాస్కోర్ అనే సంస్థ ఉంది. అక్కడ దీనికి 'ఏ' వచ్చింది. ఏడాది చివర అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఎంచిన పది ఉత్తమ చిత్రాల జాబితాలో పెద్దల సినిమాల సరసన ఇదీ ఉంది.

సమీక్షకుల్లో చాలామంది ఒప్పుకున్న గొప్పతనం ఆ నగర నిర్మాణం. జూడీ మొదటిసారి రైల్లో వచ్చే ఘట్టం గుర్తు తెచ్చుకోండి. రైలు పెట్టెకు మూడు పరిమాణాల తలుపులు: ఎలుకలకు ఒకటి, మధ్యరకం వాటికి ఒకటి, ఏనుగుల వంటి వాటికి ఒకటి. స్టేషన్‌లో జ్యూస్ దుకాణం దగ్గర ఒక జిరాఫీ నిలబడి ఉంటుంది. దాని నోరు ఎక్కడో పైన ఉంది కదా. అందుకని దుకాణదారు గ్లాసును ఒక గొట్టంలో పెట్టి పైకి పంపిస్తాడు. తెర మీద అది ఉండేది క్షణకాలమే, దాని గురించి ఎవరూ ఒక్క మాట కూడా మాట్లాడరు. ఇలాంటివి ఆ ఘట్టం నిండా ఉన్నాయి. ఇసుక ఎడారి పేట పక్కనే మంచు పేట. రెంటికీ నడుమ ఒక గోడ, ఒక వైపు వేడి, రెండో వైపు చలి పుట్టిస్తూ ఉంటుంది. మామూలు కార్టూన్లలో ఎలుకా ఏనుగూ కథ సౌకర్యం కోసం కాస్త అటూ ఇటూగా ఒకే ఎత్తుకు వచ్చేస్తాయి. వీళ్లు జంతువుల అసలు పరిమాణాలనే ఉంచారు. అందుకే అడవిదున్న ముందు కుందేలు నిలబడినప్పుడు, వెయ్యి మాటల్లో చెప్పాల్సిన సంగతి బొమ్మలోనే తెలిసిపోతుంది. జూడీకి, నిక్‌కు ఒక్కొక్కరికి పాతిక లక్షల దాకా వెంట్రుకలు గీశామని స్టూడియోవాళ్లు ప్రకటించారు. ఆ వెంట్రుకలకన్నా జ్యూస్ గొట్టాన్నే నేను ఎక్కువ మెచ్చుకుంటాను. వెంట్రుకలు కంప్యూటర్ బలం. గొట్టం ఆలోచించాలంటే మాత్రం జిరాఫీ పక్షాన నిలబడి చూడాలి.

ఇక నవ్వు సంగతి. ఈ సినిమా పేరెత్తగానే అందరికీ మొదట గుర్తొచ్చేది స్లోత్‌లు పనిచేసే ఆఫీసు. స్లోత్ దక్షిణ, మధ్య అమెరికా అడవుల్లో కొమ్మలకు వేలాడుతూ అతి నెమ్మదిగా కదిలే జంతువు. వాహనాల రిజిస్ట్రేషన్ ఆఫీసులో కౌంటర్లన్నిట్లో అవే కూర్చుని ఉంటాయి. జూడీకి ఒక నంబర్ ప్లేటు వివరాలు అర్జెంటుగా కావాలి. ఫ్లాష్ అనే స్లోత్ ఒక్కో అంకె టైపు చేస్తుంటే ఆమె కాళ్లు నేల మీద ఆగవు. ఇంతలో నిక్ పనిగట్టుకుని అతనికి ఒక జోకు చెప్తాడు. ఆ జోకు ఫ్లాష్ చెవిలోంచి ముఖం మీదికి నవ్వుగా రావడానికి పట్టే సేపు చూడాలి: పెదవి కదులుతుంది, కళ్లు కదులుతాయి, పళ్లు కనబడతాయి, అప్పుడు తల పైకి లేస్తుంది. అయిపోయిందనుకుంటే ఆ జోకును పక్క కౌంటర్ ఆమెకు మళ్లీ మొదటినుంచి చెప్పడం మొదలుపెడతాడు. బయటికొచ్చేసరికి చీకటి పడిపోయి ఉంటుంది. విడుదలకు ముందు ఈ ఘట్టాన్నే దాదాపుగా ట్రైలర్‌గా వదిలారు. అమెరికాలో డ్రైవింగ్ లైసెన్సుల ఆఫీసు మీద అక్కడివాళ్లకు ఉన్న విసుగే దీనికి మూలం. మన దగ్గర కౌంటర్ ముందు కాగితాలు పట్టుకుని నిలబడ్డవాళ్లు ఎవరైనా విడమరిచి చెప్పే అవసరం లేకుండానే నవ్వుతారు.

అయితే ఇక్కడే కొందరు సమీక్షకులు ఒక మంచి ప్రశ్న లేవనెత్తారు. పుట్టుక చూసి ఎవరినీ అంచనా వేయకూడదని చెప్పే సినిమా ఇది. అలాంటి సినిమాలో అన్నిటికన్నా పెద్ద నవ్వు దేని మీద పుట్టింది? స్లోత్‌గా పుట్టినవాడు నెమ్మదిగానే ఉంటాడన్న దాని మీదే కదా. తోడేళ్లు ఒకటి ఊళవేస్తే అన్నీ ఊళవేయడం, కుందేళ్ల ఊరి జనాభా లెక్క క్షణక్షణం పెరుగుతూ ఉండడం కూడా ఆ కోవలోవే. నేను ఈ అభ్యంతరాన్ని సగం ఒప్పుకుంటాను. సినిమా చివర్లో వీధుల్లో అడ్డూ ఆపూ లేకుండా దూసుకుపోయే ఒక కారును జూడీ, నిక్ వెంటాడి ఆపితే, స్టీరింగు దగ్గర ఉన్నది ఆ ఫ్లాషే! తీసినవాళ్లకు ఈ ప్రశ్న ముందే తట్టిందనడానికి అది ఆధారం. కాని తోడేళ్లకు అలాంటి జవాబేమీ దొరకలేదు.

విమర్శ ఈ సినిమాకు విడుదల తర్వాత మాత్రమే కాదు, తయారవుతున్నప్పుడే పెద్ద మేలు చేసింది. మొదట రాసుకున్న కథలో నాయకుడు కుందేలు కాదు, నక్క. ఆ కథలో మాంసాహార జంతువులన్నీ మెడకు ఒక పట్టీ కట్టుకుని తిరగాలి. కోపమో ఉత్సాహమో కాస్త హద్దు దాటితే ఆ పట్టీ షాక్ కొడుతుంది. ఆ కథతో ఏళ్ల తరబడి పనిచేశారు. రఫ్ బొమ్మలతో కూర్చి లోపలివాళ్లకు చూపిస్తే, చూసినవాళ్లకు ఆ నగరమే నచ్చలేదు. నిక్‌కు ఆ ఊరంటే అసహ్యం. అతని కళ్లతో చూసిన ప్రేక్షకుడికీ అసహ్యమే మిగిలింది. అంత చీకటి ఊరిని బాగుచేయాలని ఎవరికి అనిపిస్తుంది? దాంతో 2014 నవంబరులో, విడుదలకు ఏడాదిన్నర కూడా లేని సమయంలో, కథను తిరగేశారు. ఊరి మీద ఆశతో వచ్చే కుందేలును ముందుకు తెచ్చారు. పట్టీలు తీసేశారు. అప్పటిదాకా పడ్డ కష్టంలో ఎంత భాగం చెత్తబుట్టలోకి పోయిందో ఊహించుకోండి. "బాగాలేదు" అన్న మాటను ఎవరో సూటిగా చెప్పారు, తీసినవాళ్లు చెవిన పెట్టారు. పిల్లల సినిమాయే కదా అనుకున్నవాళ్లయితే ఆ పట్టీలతోనే విడుదల చేసేసేవారు.

ఆ మార్పు వల్ల వచ్చిన ఘట్టమే నా దృష్టిలో ఈ సినిమాకు ప్రాణం. కనిపించకుండా పోయిన జంతువులు దొరుకుతాయి. అవన్నీ మాంసాహారులే, అన్నీ మతి తప్పి క్రూరంగా మారిపోయి ఉంటాయి. విలేకరులు జూడీని చుట్టుముడతారు. ఎందుకిలా జరిగిందని అడుగుతారు. ఆమెకు కారణం తెలియదు. తెలియదని చెప్పకుండా, వాటి శరీరతత్వంలోనే ఏదో ఉందేమో, పాత స్వభావానికి తిరిగిపోతున్నాయేమో అంటుంది. మంచి మనసుతోనే అంటుంది. పక్కన నిలబడి వింటున్న నిక్ ముఖం చూడండి. కొద్దిసేపటి క్రితమే అతనికి పోలీసు ఉద్యోగానికి దరఖాస్తు ఫారం ఇచ్చింది ఆమే. నన్ను చూసి నీకూ భయమేస్తోందా అన్నట్టు అతను ఒక అడుగు ముందుకు వేస్తాడు. ఆమె చేయి తెలియకుండానే నడుముకు ఉన్న, నక్కల్ని తరిమే మందు డబ్బా మీదికి పోతుంది. ఊరి నుంచి వచ్చేటప్పుడు అమ్మానాన్నలు బలవంతంగా చేతిలో పెట్టిన డబ్బా అది. అతను ఆ ఫారం వెనక్కిచ్చి వెళ్లిపోతాడు.

పిల్లల సినిమాల్లో ఇతరుల మీద దురభిప్రాయం ఉండేది విలన్‌కే. ఇక్కడ అది కథానాయికలో ఉంది. ప్రేక్షకుడు మొదటినుంచీ ప్రేమించిన జూడీలో ఉంది. తనను "ముద్దుగా ఉన్నావు" అన్నవాళ్లకు, వేరేవాళ్లు ఆ మాట అంటే కుందేళ్లు నొచ్చుకుంటాయని మర్యాదగా నేర్పినది కూడా ఆమే. ఆ తర్వాత వచ్చే రెండు చిన్న దృశ్యాలు నేను ఎప్పటికీ మరిచిపోలేను. మెట్రో రైల్లో ఒక పులి తన మానాన తాను కూర్చుని ఉంటుంది. పక్కన కూర్చున్న కుందేలు తల్లి బిడ్డను మెల్లిగా దగ్గరికి లాక్కుంటుంది. అంతే. రెండోది పోలీస్ స్టేషన్‌లో. రిసెప్షన్‌లో డోనట్లు తింటూ వచ్చినవాళ్లందరినీ నవ్వుతూ పలకరించే లావుపాటి చిరుత ఉంటాడు. అతన్ని కింద బాయిలర్ దగ్గరి రికార్డు గదికి మారుస్తారు. స్టేషన్‌లోకి అడుగుపెట్టగానే ఒక మాంసాహారి ముఖం కనబడకూడదట. అతను పెట్టె సర్దుకుంటూ కూడా జూడీతో మంచిగానే మాట్లాడతాడు. ఆరేళ్ల పిల్లకు ఇది అర్థమవుతుందా అంటారేమో. అన్యాయం పేరు తెలియకపోవచ్చు కాని, ఆ చిరుతకు అన్యాయం జరిగిందని ఆరేళ్ల పిల్లకు కచ్చితంగా తెలుస్తుంది.

ఈ కథను అమెరికాలో జాతి వివక్షకు రూపకంగా చదివారు. అధ్యక్ష ఎన్నికల ఏడాది కావడంతో, భయాన్ని రెచ్చగొట్టి ఓట్లు దండుకునే రాజకీయానికి అద్దం పట్టిందని ఎందరో రాశారు. మెచ్చుకున్నవాళ్లలోనే కొందరు ఈ రూపకం కుంటుతోందని కూడా చెప్పారు. ఆ అభ్యంతరం బలమైనది. సినిమాలో మాంసాహారులు ఒకప్పుడు నిజంగానే సాధుజంతువుల్ని చంపి తినేవి. కుందేలుకు నక్క అంటే భయం పుట్టడానికి శరీరంలోనే ఒక కారణం ఉంది. మనుషుల్లో ఒక రంగువాళ్లు ఇంకో రంగువాళ్లకు భయపడడానికి అలాంటి కారణం ఏదైనా ఉందా? లేదు. అది పూర్తిగా అల్లిన అబద్ధం. ఆ రెండిటినీ పక్కపక్కన పెడితే, భయానికి ఎంతో కొంత ఆధారం ఉన్నట్టు పిల్లవాడికి తోచదా? పైగా మేయర్ సింహం. సంఖ్యలో తక్కువైన మాంసాహారులు అధికారంలో ఉన్నారు, ఎక్కువైన సాధుజంతువులు కింద ఉన్నాయి. మరి ఎవరు ఎవరికి ప్రతీక?

నేను ఇంకొకటి కూడా కలుపుతాను. సినిమా చూడనివారికి ముగింపు ముందే చెప్పేస్తున్నాను, మన్నించండి. జంతువులకు మతి తప్పడం వెనక ఒక కుట్ర ఉంటుంది. మేయర్ దగ్గర పనిచేసే, ఎవరూ లెక్కచేయని గొర్రె ఒకామె ఆ పని చేయిస్తుంది. ఆమెను అరెస్టు చేస్తారు, విరుగుడు మందు దొరుకుతుంది, అందరూ కలిసి పాటకు గంతులేస్తారు. మెట్రోలో బిడ్డను దగ్గరికి లాక్కున్న ఆ తల్లి సంగతేమిటి? ఆమెను ఎవరూ అరెస్టు చేయలేరు కదా. ఊరందరిలో ఉన్న జబ్బును ఒక నేరస్థురాలి మీదికి నెట్టేసి కథ సుఖాంతం చేసుకుంది. అంత ధైర్యంగా లేవనెత్తిన ప్రశ్నను చివరికొచ్చేసరికి సులువు చేసేసుకున్నారు. జూడీ క్షమాపణ అడిగే ఘట్టం ఒక్కటే ఆ లోటును కొంత పూడుస్తుంది. ఏడుస్తూ, తన తప్పును తానే పేరు పెట్టి చెప్పుకుంటుంది. పిల్లలకు క్షమాపణ ఎలా అడగాలో చూపించాలంటే దానికి మించిన దృశ్యం నాకు తెలియదు.

అమెరికా దాటితే చైనాలో ఈ సినిమాకు దక్కిన ఆదరణ ఇంకో కథ. అక్కడ 23 కోట్ల డాలర్లకు పైగా వసూలై, అప్పటికి ఆ దేశంలో అన్ని యానిమేషన్ చిత్రాలకన్నా పైన నిలిచింది. డిస్నీవాళ్లు కూడా కొన్ని దేశాల కోసం ఒక చిన్న మార్పు చేశారు: టీవీలో వార్తలు చదివే జంతువు అమెరికాలో మూస్ అనే పెద్ద దుప్పి, చైనాలో పాండా, ఆస్ట్రేలియాలో కోలా, బ్రెజిల్‌లో జాగ్వార్, జపాన్‌లో తనూకీ. పిల్లలు తమ ఊరి జంతువును తెర మీద చూసుకుని సంబరపడాలని. ఆ సంబరం సాగుతుండగానే చైనా సైన్యం పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. అమెరికా తన విలువల్ని ఇలాంటి సినిమాల ద్వారా ప్రచారం చేసుకుంటోందని, వేటాడే జంతువుల్ని అమాయకుల్ని చేసి గొర్రెను కుట్రదారును చేసి లోకాన్ని తలకిందులుగా చూపిందని ఆ వ్యాసం ఆరోపణ. అక్కడి ప్రేక్షకులే చాలామంది దాన్ని ఎగతాళి చేశారు. నేను ఆ వ్యాసం తీర్పుతో ఏకీభవించను. కాని ఒక సైనిక పత్రిక ఒక పిల్లల సినిమాను ఇంత గంభీరంగా తీసుకున్నదంటే, జంతువుల కథ ఎంత లోతుకు పోతుందో ఆ రాసినవాళ్లకు తెలుసు.

సమీక్షకుల మాటే చివరిమాట కాదనడానికి ఇదే సినిమా పుట్టుకలో ఒక ఉదాహరణ ఉంది. 1973లో డిస్నీ 'రాబిన్ హుడ్' తీసింది. అందులో రాబిన్ ఒక నక్క. పాత చిత్రాల్లోని నాట్యాల కదలికల్నే మళ్లీ వాడుకున్నారు, కథ వదులుగా ఉంది అని దాన్ని తక్కువ చేసి చూసినవారు చాలామంది. ఆ మాటల్లో నిజం ఉంది. అయితే ఆ సినిమాను చిన్నప్పుడు ఇష్టంగా చూసిన ఒక పిల్లవాడు పెద్దయ్యాక, బట్టలు కట్టుకుని రెండు కాళ్ల మీద నడిచే జంతువులతో అలాంటి సినిమా మళ్లీ తీయాలనుకున్నాడు. అతనే బైరన్ హోవార్డ్. నిక్‌ను చూస్తే ఆ పాత నక్క ఛాయలు కనబడతాయి.

మాట్లాడే జంతువులు మనకు కొత్త కాదు. చిన్నయసూరి 'నీతిచంద్రిక' 1853లో అచ్చయింది. అందులో మిత్రలాభం చదివినవారికి లఘుపతనకమనే కాకి, హిరణ్యకమనే ఎలుక గుర్తుంటాయి. పావురాల వల కొరికిన ఎలుకను చూసి కాకి స్నేహం కోరుతుంది. ఎలుక ఒప్పుకోదు. నేను నీ ఆహారాన్ని, నువ్వు తినేవాడివి, మనకు చెలిమి ఎలా కుదురుతుందని అడుగుతుంది. ముసలి గద్ద ఒక పిల్లిని నమ్మి చోటిచ్చి, చివరికి ప్రాణం పోగొట్టుకున్న కథ కూడా ఆ భాగంలోనే ఉంది. అటు నమ్మొద్దనే వాదం, ఇటు గుణం చూసి నమ్మాలనే వాదం రెండూ బలంగా నడిచి, చివరికి కాకీ ఎలుకా స్నేహితులవుతాయి. కుందేలూ నక్కా అన్న 'జూటోపియా' చిక్కుముడి సరిగ్గా ఇదే. సూరిగారు దాన్ని బడిపిల్లల చేతిలో పెట్టారు. పిల్లలకు ఇంత వాదం ఎందుకని అనుకోలేదు.

పిల్లల కథకూ సినిమా విమర్శకూ ఒకే మనిషి న్యాయం చేసిన చరిత్ర కూడా మనకుంది. కొడవటిగంటి కుటుంబరావుగారు 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా 'చందమామ' నడిపించారు. పిల్లలకు ఏ వాక్యం ఎలా రాయాలో తూచి తూచి చూసిన ఆ చెయ్యే సినిమాల మీద మొగమాటం లేని వ్యాసాలు విరివిగా రాసింది. ఆయన ఈ కుందేలు పోలీసును చూసి ఉంటే ఏమనేవారోనని నాకు చాలాసార్లు అనిపిస్తుంది.

ఇప్పుడు మన దగ్గర పరిస్థితి చూడండి. 2019లో 'ద లయన్ కింగ్' తెలుగులో వచ్చినప్పుడు సింబాకు నాని, స్కార్‌కు జగపతిబాబు, పుంబా టిమోన్‌లకు బ్రహ్మానందం, ఆలీ గొంతు ఇచ్చారు. 2024లో 'ముఫాసా'కు మహేశ్‌బాబు చెప్పారు. ఇంటింటా ఇదే మాట. ఇది మంచిదే, తెలుగులో వినే పిల్లలకు హాలు తలుపు తెరుచుకుంది. కాని 2019 చిత్రం మీద ఇంగ్లీషు సమీక్షల్లో ఒక ముఖ్యమైన చర్చ నడిచింది: సింహాల్ని నిజం సింహాల్లాగే చేయడం వల్ల వాటి ముఖాల్లో దుఃఖమూ సంతోషమూ పలకడం లేదని, తండ్రి చనిపోయినప్పుడు కూడా పిల్ల సింహం ముఖం బోసిగా ఉందని. 1994 నాటి గీతల బొమ్మలో కన్నీరు పెట్టించిన ఘట్టం ఇక్కడ ఎందుకు తేలిపోయింది? ఈ చర్చ తెలుగులో నాకు పెద్దగా కనబడలేదు. డబ్బింగ్ మాటలు ఎనిమిదేళ్ల పిల్లవాడికి అందుతున్నాయా, పెద్దల పాత సినిమా డైలాగులతో నింపేస్తే పిల్లవాడికి ఏమి మిగులుతుంది అన్న ప్రశ్నలు కూడా అడగాల్సినవే. మన దేశంలో తీసిన 'రోడ్‌సైడ్ రోమియో', 'ఢిల్లీ సఫారీ' జాతీయ పురస్కారాలు అందుకున్నాయి. అడవి నరికేస్తున్నారని ముంబయి నుంచి ఢిల్లీ పార్లమెంటుకు జంతువులు ప్రయాణం కట్టే 'ఢిల్లీ సఫారీ'లో ఎంత మంచి ఆలోచన ఉంది! అలాంటి సినిమాను "మనవాళ్లు తీశారు, ప్రోత్సహించాలి" అని భుజం తట్టి పంపేయడం దానికి మేలు చేయదు. ఆలోచన ఎక్కడ నిలబడింది, నవ్వు ఎక్కడ తేలిపోయింది, ఏ పాత్ర దేన్నుంచి అరువు తెచ్చుకున్నదో చెప్తేనే తర్వాతి సినిమా మెరుగ్గా వస్తుంది.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లలతో సినిమా చూసి వచ్చాక "బాగుందా?" అని అడిగితే "బాగుంది" అంటారు, అంతే. ఎవరిని చూసి నవ్వావు, ఎందుకు నవ్వావు అని అడగండి. ఎవరికి అన్యాయం జరిగింది అని అడగండి. వాళ్లు చెప్పేది ఓపికగా వినండి, మధ్యలో సరిదిద్దకండి.

పత్రికల్లో, టీవీల్లో పనిచేసే మిత్రులకు నా విన్నపం. వచ్చే వేసవి సెలవుల్లో తెలుగులో ఏ పిల్లల సినిమా విడుదలైనా, పెద్ద హీరో సినిమాకు ఇచ్చేంత చోటు దానికీ ఇవ్వండి. బొమ్మ ఎలా ఉంది, కథ ఎలా ఉంది, తెలుగు ఎలా ఉంది, పిల్లల మనసులో ఏమి నాటుతోంది అన్నవన్నీ మొగమాటం లేకుండా రాయండి. మీ పక్క సీట్లో కూర్చుని చూసిన ఒక పదేళ్ల పాప ఏమన్నదో కూడా అడిగి, ఆమె మాటల్లోనే ఆ సమీక్షలో చేర్చండి.